పార్టు పోలేదు బాబూ, ఎర్త్ పోయింది

అచ్యుతాపురంలో నాన్నగారి అంబాసిడర్ ఇంకా రోడ్డెక్కుతోంది. నేనుండే బర్మింగ్‌హామ్‌కీ ఆ బండికీ దగ్గరి చుట్టరికమే ఉంది. అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఇంగ్లండులోని కౌలీలో తయారైన ఆ కారునే హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో చేయడం మొదలుపెట్టి, చిన్నాపెద్దా మార్పులతో 2014 దాకా నడిపించింది. ఆనాటి ఇంగ్లిషు కార్లలో చాలావాటికి డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, స్విచ్‌లు ఇచ్చిన లూకాస్ కంపెనీది బర్మింగ్‌హామే. అదే లూకాస్ 1961లో టీవీఎస్‌తో కలిసి మద్రాసులో లూకాస్ టీవీఎస్ పెట్టింది.

అందుకే ఇక్కడ పాత మోరిస్ బానెట్ ఎత్తినా, అక్కడ మా బండి బానెట్ ఎత్తినా తీగల రంగులకు అర్థం ఒక్కటే. గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. తెల్లది తాళం తిప్పాక పనిచేస్తుంది. ఆకుపచ్చది ఫ్యూజు దాటి వెళ్తుంది. నల్లది ఎర్త్, అంటే కరెంటును బండి రేకు మీదుగా తిరిగి బ్యాటరీకి చేర్చేది. ఈ నాలుగూ తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లేసరికి బండి కుడి హెడ్‌లైట్ మసకబారి ఉంది. నాన్న ఎప్పుడూ చూపించే ఆటో ఎలక్ట్రీషియన్‌నే పిలిపించారు. పెద్దాయన. బల్బు జోలికీ స్విచ్ జోలికీ పోలేదు. ఓ తీగ ముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస లైటు డొప్పకు ఆనించారు. లైటు భగ్గున వెలిగింది.

“పార్టు పోలేదు బాబూ, ఎర్త్ పోయింది” అన్నారు.

“అయితే కొత్తది ఏదీ కొనక్కర్లేదా బాబాయ్?”

“వాషరొకటి చాలు.”

మడ్‌గార్డ్ లోపల నల్ల తీగ బిగించిన స్క్రూ విప్పారు. రింగు చుట్టూ పచ్చటి చిలుం, దాని కింద రేకు మీద తుప్పు. ఉప్పుకాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త వాషర్ వేసి గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూశారు. అంతే పని.

ఆ చిలుం చేసే చెరుపు లెక్క కడితే తెలుస్తుంది. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దారిలో ఒక్క జాయింటు దగ్గర 0.2 ఓమ్‌ల అడ్డు పడినా ఇంచుమించు ఒక వోల్టు అక్కడే వృథా అవుతుంది. వోల్టు తగ్గితే వెలుగు సుమారు పావు వంతు తగ్గిపోతుంది. మా ఊరికి పూడిమడక సముద్రం దగ్గర. ఉప్పుగాలి తగిలే చోట, నెలల తరబడి కదలని బండిలో, మొదట దెబ్బతినేవి ఈ జాయింట్లే. హారన్ గొంతు తగ్గినా, ఇండికేటర్ నెమ్మదిగా కొట్టుకున్నా, వైపర్ ఈడ్చుకుంటూ తిరిగినా ముందు ఎర్త్ చూడాలి, తర్వాతే పార్టు సంగతి.

పాత పార్టును పారేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. డైనమోలో కార్బన్ బ్రష్‌లు అరిగితే బ్రష్‌లు మార్చుకోవచ్చు, ఆర్మేచర్ కాలితే వైండింగ్ చేయించుకోవచ్చు. స్విచ్ లోపలి ఇత్తడి కాంటాక్టులు శుభ్రం చేస్తే మళ్లీ పనిచేస్తాయి. విప్పి బాగుచేసుకునేలాగే వాటిని తయారుచేశారు. తీగల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. పైపొర పెళుసుబారి చిట్లిన తీగకు టేపు చుట్టి సరిపెడితే బండికే నిప్పంటుకోవచ్చు. అలాంటి వైరింగ్ మొత్తం మార్పించాల్సిందే, అదీ పాత రంగుల ప్రకారమే. లేకపోతే రేపు ఇంకొకరు విప్పినప్పుడు ఏ తీగ ఎటుపోతుందో తెలియదు. పాత ఇంగ్లిషు పద్ధతిలో చాలా బళ్లకు హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజే ఉండదు. వైరింగ్ మార్చేటప్పుడే ఫ్యూజులు, రిలేలు పెట్టించుకుంటే స్విచ్ మీద భారం తగ్గుతుంది. కాలిన ఫ్యూజు చోట రాగి తీగ చుట్టే అలవాటు మాత్రం ఏ బండికీ మంచిది కాదు.

ఊళ్లో నాన్న కారో, తాతగారి జీపో ఉన్న ప్రవాసులకు నా మనవి ఒకటే. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆ బండిని పాత ఇనుము కింద బేరం పెట్టకండి. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్‌లన్నీ విప్పి శుభ్రం చేయించండి, ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఎవరైనా కుర్రాడు నేర్చుకుంటానంటే ఆయన పక్కన నిలబెట్టండి. తిరుగు ప్రయాణానికి ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసిపెట్టడం మరిచిపోకండి.