వెయ్యికి ఎంత?

తీరికవేళల్లో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా సులభంగా డబ్బు సంపాదించవచ్చునని ఈనాడు చాలామంది నమ్ముతున్నారు. అట్లా నమ్మేవాళ్ళను సోమరులని, అత్యాశాపరులని ఎగతాళి చేసేవాళ్ళూ ఉన్నారు. ఈ ఇరువురితోనూ నాకు పేచీ ఉంది. గత వేసవిలో నేనూ ఆ సంపాదనకు దిగాను. నా మాట విని నా విద్యార్థి ఒకడు దిగాడు. నాకు దక్కినదేమిటో, అతను పోగొట్టుకున్నదేమిటో లెక్కకట్టి చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

నేను నిజామాబాదు జిల్లాలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. ఏడాదికి పది నెలలే జీతం. మే, జూన్ నెలల్లో అధ్యాపకులకు ఆకలి వేయదని యాజమాన్యం అభిప్రాయం కాబోలు. ఇంటి అద్దెకు, పాలవాడి బాకీకి మాత్రం వేసవి సెలవులు లేవు. అటువంటి స్థితిలో ఒక మిత్రుడు నాకొక దారి చూపించాడు. యంత్రానికి తెలుగు నేర్పే పని అది. ఇంగ్లీషు నుంచి యంత్రం చేసిన అనువాదాలు ఒక్కొక్కటిగా తెర మీదికి వస్తాయి. తప్పులు దిద్దాలి. వాక్యానికి మూడు రూపాయలు.

మొదటిరోజు నాకు గర్వంగానే ఉన్నదని ఒప్పుకుంటాను. ఎం.ఏ. తెలుగుకు మార్కెట్టులో విలువ లేదని జీవితమంతా వింటూ వచ్చినవాణ్ణి. ఇప్పుడు సముద్రాల అవతలి కంపెనీకి నా వ్యాకరణం కావలసి వచ్చింది! అత్తగారిని కోడలు "నువ్వు" అంటున్న వాక్యం వస్తే దాన్ని సరిదిద్దడానికి ఆ ఇద్దరూ ఏ ఇంటివాళ్ళో, ఏ కాలంవాళ్ళో ఊహించుకోవాలి. యంత్రానికి ఆ ఊహ లేదు. నాకు ఉంది. ఆ ఊహ ఖరీదు మూడు రూపాయలు.

నెల తిరిగేసరికి లెక్క వేశాను. 26 రాత్రులు, రాత్రికి మూడు గంటలు చొప్పున 78 గంటలు పనిచేశాను. పనికి అర్హుణ్ణో కాదో తేల్చే పరీక్షలకు, పని వస్తుందని తెర ముందు కాచుకున్నందుకు మరో 14 గంటలు. వాటికి పైసా లేదు. మొత్తం 92 గంటలు. దిద్దిన వాక్యాలు 1,560. రావలసింది 4,680 రూపాయలు. అందులో 312 వాక్యాలు బాగాలేవని తిప్పికొట్టారు గనక 936 రూపాయలు పోయాయి. మిగిలిన 3,744లో డబ్బు చేతికందే ఖర్చులు 244, ఇంటర్నెట్టుకు, కరెంటుకు 400 పోగా మిగిలింది 3,100. అనగా గంటకు 34 రూపాయల లోపే.

తిప్పికొట్టిన కారణాలు తెలుసుకుందామంటే చెప్పే మనిషి లేడు. ఒకచోట మాత్రం కారణం కనిపించింది. నేను "ఎట్లా" అని రాశాను. "ఎలా" అని ఉండాలట. గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే భాష కోసం పోరాడి గెలిచారని తరగతిలో ఏటేటా పాఠం చెబుతాను. ఆ జనంలో నా జిల్లా జనం లేరని ఎవరో ముఖం తెలియని పరీక్షకుడు నిర్ణయించాడు. పైగా, తిప్పికొట్టిన వాక్యం నాకు తిరిగి రాదు. అది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

ఈ సంగతి నా ఒక్కడి దురదృష్టం కాదు. 1770లో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రమొకటి తయారుచేసి యూరపును అబ్బురపరిచాడు. దాని పెట్టెలోపల మనిషి దాగి ఉండి ఎత్తులు వేసేవాడు. 2005లో అమెజాన్ కంపెనీ ఇటువంటి చిల్లర పనుల సంతను తెరిచి, దానికి ఆ యంత్రం పేరే పెట్టింది. పెట్టెలో మనిషి ఉన్నాడని ఒప్పుకోవడంలో ఆ మాత్రం నిజాయితీ చూపారు. ఆ సంతలో పనిచేసిన 2,676 మంది సంపాదనను కొందరు పరిశోధకులు లెక్కకట్టి 2018లో ప్రకటించారు. వాళ్ళలో సగంమందికి గంటకు రెండు డాలర్లు కూడా రాలేదు. అమెరికా కనీస వేతనమైన ఏడుంబావు డాలర్లను మించి సంపాదించినవాళ్ళు నూటికి నలుగురు. పని వెతుక్కునే కాలాన్ని, తిప్పికొట్టిన పనిని లెక్కలోకి తీసుకుంటే కూలి ఎంతగా తగ్గుతుందో కూడా వాళ్ళు చూపారు.

ఇక నా విద్యార్థి సంగతి. బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి లేడు. తల్లి బీడీలు చుడుతుంది. ఏప్రిల్‌లో చివరి తరగతినాడు నేను, అప్పటికి వారం రోజుల అనుభవంతో, "చేతిలో ఫోనుండి, చదువు వచ్చినవాడు వేసవిలో ఖాళీగా కూర్చోవలసిన పనిలేదు" అని ఉపన్యాసమిచ్చాను. అతను ఆ మాటను నాకంటే ఎక్కువగా నమ్మాడు.

మేలో అతని ఫోనుకు ఒక సందేశం వచ్చింది. హోటళ్ళకు మంచి మార్కులు వేస్తే చాలు, డబ్బు ఇస్తారు. మొదటిరోజు నిజంగానే 150 రూపాయలు ఖాతాలో పడ్డాయి. రెండోరోజు వెయ్యి కడితే 1,300 వచ్చాయి. తరవాత 5,000 కట్టించుకున్నారు. తెర మీద అంకె పెరుగుతూ వచ్చింది కాని చేతికి రాలేదు. అది విడిపించుకోవడానికి 12,000, దాని మీద పన్నని చెప్పి 25,000. మొత్తం 42,000. అందులో 40,000 తల్లి ఇంటి కప్పు బాగుచేయించడానికి పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు.

1930 నంబరుకు ఫోను చేశాం, ఫిర్యాదు రాశాం. డబ్బు అప్పటికే ఎన్నో ఖాతాలు దాటిపోయింది. ఇంతవరకు ఏమీ తిరిగి రాలేదు. ఇటువంటి మోసాలు చేస్తున్న వందకు పైగా వెబ్‌సైట్లను కేంద్ర హోంశాఖ 2023 డిసెంబరులో మూయించింది. అయినా దుకాణాలు కొత్త పేర్లతో తెరుచుకుంటూనే ఉన్నాయి. "మీరే చెప్పారు కదా సార్" అని నా విద్యార్థి అనలేదు. అని ఉంటే ఏదో సమాధానం చెప్పుకునేవాణ్ణి.

నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అతని తల్లి అరుగు మీద కూర్చుని, ఒళ్ళో చాటతో తునికాకు కత్తిరిస్తోంది. నేను చేస్తున్న పని మోసం కాదని, నిజమైన కంపెనీయేనని ఆమెకు నచ్చజెప్పబోయాను. వాక్యాల సంగతంతా విని ఆమె అడిగింది:

"వెయ్యికి ఎంతిస్తరు సారూ?"

మూడువేలని చెప్పాను.

"ఎన్ని తీసేస్తరు?"

వెయ్యికి రెండువందలని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "మాకు గూడ తీస్తరు. తీసినయి మళ్ల ఇయ్యరు," అని కత్తెర అందుకుంది.

ముక్కపని కూలి గురించి "పెట్టుబడి" మొదటి సంపుటంలో, 1867లో, మార్క్స్ ఒక ప్రకరణమే రాశాడు. ముక్కకింత అని లెక్కకట్టినప్పుడు పనివాడు తనను తానే తరుముకుంటాడని, మేస్త్రీ అవసరం తగ్గుతుందని, నాణ్యం పేరుతో కూలి కోసేందుకు వీలు దొరుకుతుందని ఆయన వివరించాడు. ఆ ప్రకరణాన్ని నేను చదివాను, చర్చాగోష్ఠుల్లో దాని మీద మాట్లాడాను కూడా. రాత్రి పదకొండు గంటలకు నా బల్ల ముందు కూర్చున్నది ఆ ప్రకరణమేనని గుర్తుపట్టలేదు. చదువుకున్నవాడు చేసే పని గనక అది కూలి కాదని, "అదనపు ఆదాయ"మని మా మధ్యతరగతి అహంకారం నాకు చెప్పింది. బీడీలు చుట్టే ఆమెకు అటువంటి అడ్డు లేదు గనక రెండు ప్రశ్నలతో తేల్చేసింది.

మరి ఈ సంపాదనలన్నీ బూటకమేనా? అనలేను. నా మిత్రుడొకడు అమెరికాలోని తెలుగువాళ్ళ పిల్లలకు తెలుగు చెబుతాడు. గంటకు 400 రూపాయలు తీసుకుంటాడు. తొమ్మిదిమంది పిల్లలు చేరడానికి మూడేళ్ళు పట్టింది. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి లేస్తాడు. ఆ పిల్లల తల్లిదండ్రులకు అతని పేరు తెలుసు. ధర అతనే చెబుతాడు. అది గిట్టుబాటు అవుతోంది, కాని సులభం కాదు. యూట్యూబు సంగతి చూడండి. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు చేరాలి, ఏడాదిలో 4,000 గంటల సేపు జనం చూసి ఉండాలి. లేదా చిన్న వీడియోలను 90 రోజుల్లో కోటిసార్లు చూడాలి. అంతవరకు పడిన శ్రమ ఉచితమే. గిట్టుబాటయ్యేది సులభం కాదు, సులభమైనది గిట్టుబాటు కాదు. గిట్టుబాటూ సులభమూ రెండూ అని ఎవరైనా చెబితే, అక్కడ అమ్ముడుపోతున్న సరుకు మనమేనని అనుమానించాలి. పని ఇవ్వడానికి పనివాడి దగ్గర డబ్బు అడిగేవాడు యజమాని కాడు, దొంగ.

అయినా లెక్క తెలిసినంత మాత్రాన జనం ఈ పని మానరు. నేను మాత్రం మానానా? జూన్‌లో కూడా చేశాను. అద్దె కట్టాలి గనక చేశాను. మన దేశంలో 2020-21 నాటికి 77 లక్షలమంది ఇటువంటి గిగ్ పనుల్లో ఉన్నారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. వీళ్ళందరూ సోమరులా? స్థిరమైన జీతం దొరకనిచోట మనిషి తన నిద్రను ముక్కలు చేసి అమ్ముకుంటాడు.

బీడీ కార్మికుల కోసం 1966లో ఒక చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు కూడా కార్మికులేనని అది గుర్తించింది; తీసేసిన బీడీల కూలి మీద తగాదా వస్తే తీర్చేందుకు దారి చూపింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లలో ఆ చట్టం కలిసిపోయింది. ఆ కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుణ్ణి పేరు పెట్టి ప్రస్తావిస్తుంది, సంక్షేమనిధి గురించి చెబుతుంది. కాని తిప్పికొట్టిన వాక్యానికి కూలి ఎవరిని అడగాలో నాకు చెప్పదు.

1966 నాటి చట్టం ఊరికే రాలేదు. బీడీలు చుట్టేవాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు చుట్టినా, అప్పజెప్పేరోజు అందరూ ఒకచోట చేరతారు. ఎవరికి ఎంత ఆకు ఇచ్చారు, ఎవరివి ఎన్ని తీసేశారు అనే మాటలు అక్కడ పుడతాయి. సంఘాలు ఆ మాటల్లోంచి పుట్టాయి. మా పనికి అటువంటి అరుగు లేదు. పక్కవీధిలో ఇంకొకడు ఇదే పని చేస్తున్నాడని నాకు తెలియదు.

జూన్ చివర మేము నలుగురం అధ్యాపకులం మా ఇంట్లో కలుసుకుని, ఎవరి లెక్క వాళ్ళు కాగితం మీద రాసుకుని సరిపోల్చుకున్నాం. ఒకే రకమైన వాక్యానికి ఒకరికి మూడు రూపాయలు, ఇంకొకరికి రెండుంపావు ఇస్తున్నారని ఆనాడే తెలిసింది. నలుగురం కలిసి రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. ఇప్పుడు మేము ఏడుగురం.

కళాశాల తెరిచాక మొదటి తరగతిలో నా 92 గంటల లెక్కను నల్లబల్ల మీద రాశాను. ఏప్రిల్‌లో నేనిచ్చిన ఉపన్యాసం తప్పని చెప్పాను. నా విద్యార్థి వెనక బెంచీలో ఉన్నాడు. అతని అప్పుకు నా వంతుగా నెలకు వెయ్యి రూపాయలు కడుతున్నాను. తల్లి మొదట ఒప్పుకోలేదు. తరవాత, "లెక్క రాసిపెట్టుండ్రి సారూ, తీరుస్తం," అంది. రాసిపెడుతున్నాను.