మూడడుగుల ఆవు, మూడు టన్నుల చుట్టం

మదనపల్లెలో టమాటా లారీల సందులోంచి ఎలాగో బయటపడి మా బస్సు పుంగనూరు చేరింది. పక్క సీట్లో కుప్పం వైపు పెద్దాయన. ఒళ్లో గోతం సంచి.

"మీ ఊరి ఆవుల్ని టీవీలో చూసినానప్పా. ఈడ ఒక్కటీ కనపడదే?" అన్నాడు.

ఊరిని అన్నందుకు పౌరుషం రావాలి. రాలేదు. నేనూ వాటిని ఈమధ్య టీవీలోనే చూశాను, 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి మేత పెడుతుంటే.

మా అవ్వ దొడ్లో ఒకటి ఉండేది. సుమారు మూడడుగుల ఎత్తు, నెలవంకలాంటి చిట్టి కొమ్ములు, నేల ఊడ్చే తోక. అవ్వ పక్కన గొంతుక్కూచుంటే ఇద్దరి తలలూ సమానం. పాలు కొంచెమే, కానీ కాస్తే మీగడ అట్టులా లేచేది. ఊళ్లోకి లీటర్ల లెక్క వచ్చింది, దాని వెంట సీమావులు వచ్చాయి, ఇది పోయింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం పట్టుకుని ఉండకపోతే పేరొక్కటే మిగిలేది. ఇప్పుడేమో లక్షలు పోసి కొని బంగళాల్లో ముద్దు చేస్తున్నారు.

పెద్దాయన గొడవ వేరు. పిలవకుండా వచ్చిన చుట్టాలది. ఆంధ్రలో దాదాపు రెండు శతాబ్దాలుగా కనిపించని ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి కుప్పం వైపు దిగాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

"అడివి వాటిదే, కాదనం. రాగిచేను మాది గదా" అన్నాడాయన.

ఏనుగు ఒక్క రోజు మేత ఒకటిన్నర క్వింటాలు. అంటే మా అవ్వ ఆవంత బరువు! నా లెక్కకు నాకే నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. తిన్నదానికన్నా తొక్కిందే ఎక్కువట. చేలో పడ్డ ఒక్కో అడుగూ చేటంత, వాన పడితే అందులో కప్పలు.

వాటిని మళ్లించడానికి మళ్లీ ఏనుగులే కావాలి. ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే మచ్చిక చేసిన కుంకీ ఏనుగులు ఉండగానే, 2025 మేలో కర్ణాటక మరో నాలుగు కుంకీలనిచ్చింది.

బస్సు కుదుపుకు సంచిలోంచి మందు వాసన కొట్టింది.

"టపాకాయలా? దీపావళి ఇంకా దూరముందే!"

"రాగులు కంకి పట్టినాయప్పా."

"కాల్చేటప్పుడు తిడతారా వాటిని?"

"వినాయకుణ్ణి తిట్టేదెట్ట? దణ్ణం పెట్టుకోని కాలుస్తాం."