త్రీనాట్‌త్రీ తమ్ముళ్ళు

తెలంగాణ పల్లెల్లో మా వయసువాళ్ళకి త్రీనాట్‌త్రీ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. బళ్ళో దశాంశాలు నేర్చుకోక ముందే మాకు ఆ అంకె వచ్చు. కానిస్టేబుల్ భుజానికి వేలాడే పొడుగాటి తుపాకీ పేరది. స్టేషన్ల మీద పడ్డప్పుడు అన్నలు ఎత్తుకుపోయేదీ అదే. కరీంనగర్ జిల్లాలో మా ఊళ్ళో ఇటు జీపు చప్పుడైనా, అటు రాత్రిపూట కుక్కలు మొరిగినా మా అమ్మ దీపం తగ్గించేది. మా ఇంటికి రెండిళ్ళ అవతలి కుర్రాడు ఎన్‌కౌంటర్లో పోయాడు. ఏడాది తిరక్కముందే మా వీధిలోనే ఒక హోంగార్డును ఇంట్లోంచి పిలిచి కాల్చేశారు. ఎవరిని ఏ తుపాకీ చంపిందో మాకు తెలియదు. మాకు తెలిసిన పేరు ఒక్కటే.

ఆ అంకెకి అర్థం తెలిసింది మాత్రం ఆస్ట్రేలియా వచ్చాకే. గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో 0.303 వంతు. అంతే. మిల్లీమీటర్లలో 7.7.

మేముండేది న్యూ సౌత్ వేల్స్‌లో, ఆరెంజ్ దగ్గర. సిడ్నీ నుంచి కారులో వస్తుంటే బ్లూ మౌంటెన్స్ దిగగానే లిత్‌గో అనే ఊరొస్తుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1912లో తన తుపాకుల ఫ్యాక్టరీ పెట్టింది అక్కడే. గొట్టం కురచ చేసిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, అంటే మన త్రీనాట్‌త్రీ, అక్కడ లక్షల్లో తయారైంది. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఇషాపూర్‌లోనూ అదే నమూనా తయారయ్యేది. సామ్రాజ్యం ఒకటే కాబట్టి తుపాకీ ఒకటే, తూటా ఒకటే. లిత్‌గో మ్యూజియంలో అద్దం వెనక దాన్ని చూసినప్పుడు, చిన్నప్పటి ఊరిమనిషి పరాయి దేశంలో ఎదురుపడ్డట్టయింది. పలకరించబుద్ధి కాని ఊరిమనిషి.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఈ తుపాకులు కుప్పలుగా మిగిలాయి. చవగ్గా అమ్మారు. కానీ న్యూ సౌత్ వేల్స్ చట్టానికి సైన్యం వాడే కొలత మామూలు జనం చేతుల్లో ఉండటం ఇష్టంలేదు. కొన్ని దశాబ్దాలపాటు ఆ ఆంక్ష నడిచింది. రైతుకేమో తుపాకీ కావాలి. 1859లో విక్టోరియాలో ఒక పెద్దమనిషి వేట సరదా కోసం వదిలిన కుందేళ్ళు దేశమంతా కమ్మేశాయి. నక్కలు, అడవిపందులు, కంగారూలు సరేసరి. అప్పుడు ఇక్కడి తుపాకీ మేస్త్రీలు చేసిన పని చూడండి. త్రీనాట్‌త్రీ గొట్టం విప్పేసి, పావు అంగుళం గొట్టం బిగించారు. తూటాకి అడుగున అంచు ఉంటుంది కదా, దాన్ని పట్టుకునే బోల్టుని ముట్టుకోలేదు. మ్యాగజైన్‌నీ ముట్టుకోలేదు. ఇత్తడి కేసు కూడా అదే. దాని మెడ మాత్రం నొక్కి సన్నం చేశారు. అది త్రీనాట్‌త్రీ ట్వంటీఫైవ్ అయింది. ఇంకా సన్నం చేస్తే త్రీనాట్‌త్రీ ట్వంటీటూ. సైనికుడి తూటా ఇందులో పట్టదు, దీని తూటా సైనికుడికి పనికిరాదు. చట్టానికి కావలసింది అదే.

ఈ భయం ఆస్ట్రేలియాలో పుట్టింది కాదు. మన దగ్గర పుట్టిందే. వెనకటి మార్టినీ హెన్రీ తుపాకుల తూటాలు తిరుగుబాటుదార్లకు అందుతాయేమోనని, 1907 ప్రాంతంలో తెల్లవాళ్ళు ఇండియాలోనూ సూడాన్‌లోనూ .450 కొలతనే నిషేధించారు. ఏనుగుల వేటకొచ్చే దొరలకి ఇబ్బంది కలిగింది. దాంతో లండన్ కంపెనీలు అంగుళంలో ఇసుమంత జరిపి .465 అనీ .470 అనీ కొత్త కొలతలు పుట్టించాయి. స్వతంత్రం వచ్చింది, తాళంచెవి మాత్రం మారలేదు. మన ఆయుధ చట్టంలో .303 ఇప్పటికీ మామూలు పౌరుడికి నిషిద్ధ కొలత. అందుకే అదే ఇషాపూర్ ఫ్యాక్టరీ లైసెన్సుదార్ల కోసం అదే పద్ధతి తుపాకీని .315లో చేసి అమ్మింది. పాత ఆస్ట్రియా సైన్యం తూటా తెచ్చి అందులో పెట్టారు. అక్కడొక తమ్ముడు, ఇక్కడొక తమ్ముడు. ఇద్దరినీ కన్నది ఒకే భయం: ప్రజల దగ్గరున్న తూటా సర్కారు తుపాకీలో పట్టకూడదు, సర్కారు తూటా ప్రజల తుపాకీలో పట్టకూడదు.

మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత మా వీధి గుర్తొచ్చి నవ్వు ఆగింది. అక్కడ పట్టింది కదా. సర్కారు తుపాకీ, సర్కారు తూటా, చేతులే మారాయి.

ఇక్కడ నేను లెక్కలు రాసిపెట్టే రైతుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. ఎనభై దాటాయి. ఆయన దగ్గర వాళ్ళ నాన్న చేయించుకున్న ట్వంటీఫైవ్ ఉంది. ఆంక్ష ఎప్పుడో పోయింది, ఇప్పుడు లైసెన్సుంటే త్రీనాట్‌త్రీనే కొనుక్కోవచ్చు. తుపాకులు మాత్రం మిగిలాయి. మామూలు దుకాణాల్లో దాని తూటాలు దొరకవు, ఎవరివి వాళ్ళే చేసుకోవాలి. దీన్ని రీలోడింగ్ అంటారు.

మనం తూటా అని ఒక్కమాటలో అనేస్తాం గానీ అందులో నాలుగున్నాయి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతిలో గుండు. పేలాక కేసు మిగులుతుంది. దాన్ని తుడిచి, సరిచేసి, మళ్ళీ నింపుతారు. మందు తూచేది గ్రెయిన్లలో. ఏడువేల గ్రెయిన్లయితే ఒక పౌను. మన కంసాలి గురివింద గింజలో దాదాపు సగం. పెద్దాయన త్రాసు ముందు కూర్చుంటే అచ్చం మా ఊరి అవుసలాయన లాగే ఊపిరి బిగబడతాడు.

ఆయన చెప్పిన ఒక సంగతి నాకు బాగా పట్టుకుంది. ఈ తుపాకుల్ని ఎవరి కొట్లో వాళ్ళు, ఎవరి పనిముట్లతో వాళ్ళు చేశారు కాబట్టి ఏ రెండూ సరిగ్గా ఒకటి కావు. తూటా పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ తుపాకీ గది ఆకారం తెచ్చుకుంటుంది. అందుకని ఆయన కేసు మొత్తాన్ని మళ్ళీ నొక్కడు, మెడ ఒక్కటే నొక్కుతాడు. ఈ బోల్టు తాళం పడేది వెనకవైపు. పేలినప్పుడు కాస్త సాగుతుంది, దాంతో కేసు కూడా సాగుతుంది. ప్రతిసారీ మొత్తం నొక్కితే అడుగున పలచబడి తెగిపోతుంది. ఒక తుపాకీలో పేలిన కేసు ఆ తుపాకీకే పనికొస్తుంది, పక్కవాడి ట్వంటీఫైవ్‌లో పట్టకపోవచ్చు. ఒకరి మందు లెక్క ఇంకొకరికి చెప్పకూడదు కూడా.

పెద్దాయన చెయ్యి వణకడం మొదలైంది. పిల్లలు సిడ్నీలో, బ్రిస్బేన్‌లో. వాళ్ళకి వద్దు. నువ్వు తీసుకుంటావా అని నన్నడిగాడు.

మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. ఆమెది హుజూరాబాద్ వైపు. ఆమె భయానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లాంటిదేదైనా ఉంటే అది దరఖాస్తు ఫారంలో దొరికింది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని చంపాక ఈ దేశం ఆరున్నర లక్షల దాకా తుపాకులు వెనక్కి తీసుకుని నాశనం చేసింది. అప్పటినుంచి తుపాకీ కావాలంటే ఎందుకో చెప్పాలి. ఆత్మరక్షణ కోసం అంటే ఒప్పుకోరు. శిక్షణ, విచారణ, 28 రోజుల ఆగుడు, ఇనప బీరువా. ఎందుకు అన్న గడి ముందు చాలాసేపు కూర్చున్నాను. మా ఊళ్ళో తుపాకీ పట్టుకుని వచ్చిన ఏ పక్షమూ మమ్మల్ని ఏదీ అడిగింది లేదు, తామెందుకొచ్చారో చెప్పిందీ లేదు. ఇక్కడ సర్కారు నన్ను అడుగుతోంది, నేను రాసివ్వాలి. ఆ గడి చూపించాక మా ఆవిడ రెండు షరతులు పెట్టింది. బీరువా షెడ్డులో ఉండాలి, పిల్లల ముందు దాని ఊసెత్తకూడదు. సరేనన్నాను.

అమ్మకి ఫోన్లో చెప్పక తప్పలేదు. కాసేపు మాట లేదు.

"ఎవల్ని కాల్చనీకి బిడ్డా?"

"ఎవర్నీ కాదమ్మా. పందుల్ని. చేలు తొక్కేస్తున్నయి."

"మనకాడ గూడ అంతే. మక్కచేన్లు ఉంచుతలేవు," అని, కాసేపటికి, "పెద్దాయన తిండి సక్కగ తింటుండా?" అని అడిగింది.

పోయిన నెల మొదటిసారి కేసులు నేనే తయారుచేశాను. పెద్దాయన పక్కన కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. త్రీనాట్‌త్రీ కేసుకి పలచగా నూనె రాసి ఉక్కు అచ్చులోకి పెట్టి పిడి దించితే మెడ నెమ్మదిగా సన్నబడుతుంది. అడుగున కొట్టిన ముద్ర మాత్రం చెరిగిపోదు. అందులో ఆ అంకె అలాగే ఉంటుంది. దాన్ని బొటనవేలితో ఓసారి తడిమి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకున్నాను.