అప్పగింతల దగ్గర ఆగిపోయే డిస్కు

రిపేరు షాపుకి వచ్చే డీవీడీ ప్లేయర్ల వెంట ఒక ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. "పెళ్ళి సీడీ వేస్తే బాగానే మొదలవుతుందండీ, అప్పగింతల దగ్గరకొచ్చేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోతోంది." సినిమా డిస్కయితే క్లైమాక్స్ దగ్గర ఆగుతుంది. సరిగ్గా చూడాలనుకున్న చోటే ఆగడం మన ఖర్మ అనుకుంటారు చాలామంది. మా అత్తయ్యా అలాగే అనుకుంది. అందులో ఖర్మ ఏమీ లేదని, డిస్కు తయారీలోనే దానికి కారణం ఉందని తెనాలిలో ఒక చిన్న షాపులో స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నాను.

గ్రామఫోను రికార్డు అంచున మొదలై లోపలికి వస్తుంది. డీవీడీ దానికి వ్యతిరేక దిశలో నడుస్తుంది. మధ్యనున్న రంధ్రం దగ్గర మొదలై, చుట్లు చుట్లుగా అంచు వైపు పోతుంది. ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య ఎడం 0.74 మైక్రాన్లు. సీడీలో ఆ ఎడం 1.6 మైక్రాన్లు. అంటే సీడీ కంటే రెట్టింపు ఇరుకులో, 650 నానోమీటర్ల ఎర్రటి లేజర్ కిరణం గీత తప్పకుండా నడవాలి. మూడు గంటల పెళ్ళిని ఒక డిస్కులో పట్టిస్తే పెళ్ళికూతుర్ని చేయడం లోపలి చుట్లలో ఉంటుంది, జీలకర్ర బెల్లం నడిమధ్య ఎక్కడో పడుతుంది, తలంబ్రాలు దాటాక అప్పగింతలు అంచుకి చేరతాయి.

డిస్కులో ముందుగా దెబ్బతినేదీ ఆ అంచే. వేళ్ళు పడేది అక్కడ. డిస్కు రవ్వంత వంగినా ఆ వంపు ఎక్కువగా కనబడేది అక్కడ. డీవీడీ ఒకే రేకు కాదు, 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ప్లాస్టిక్ పలకలను అంటించి చేసినది. ఆ అతుకు ఊడటం మొదలైతే చాలావరకు అంచు నుంచే మొదలవుతుంది. పైగా స్టూడియోవాళ్ళు పెళ్ళిళ్ళ సీజన్లో తొందరకొద్దీ 16ఎక్స్ వేగంతో రాసేవారు. ఆ వేగం నిజంగా అందుకునేది బయటి చుట్లకు వచ్చాకే. చవక రకం డిస్కు మీద అంత వేగంతో రాస్తే చివరి భాగం పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. ఇన్ని కలిసి వచ్చి పడేది అప్పగింతల మీద.

మా వదిన పెళ్ళి 2006లో జరిగింది. అప్పటికి ఊళ్ళో వీడియో క్యాసెట్ల రోజులు అయిపోయి, ప్రతి ఇంట్లో టీవీ కింద ఒక పల్చటి వెండిరంగు పెట్టె చేరింది. పెళ్ళి వీడియో డీవీడీలో ఇస్తామంటే అందరికీ గొప్పగా ఉండేది. క్యాసెట్ టేపు నలుగుతుంది, బూజు పడుతుంది, డీవీడీకి ఆ బాధ లేదన్నారు. వదిన అమెరికా వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మామయ్య పోయారు. ఫొటోల్లో మామయ్య ఎప్పుడూ బిగుసుకుపోయి నిలబడి ఉంటారు. కదిలే మామయ్య, మాట్లాడే మామయ్య ఆ డిస్కులో మాత్రమే ఉన్నారు. అప్పగింతల్లో, వదిన చేతులు పాలలో ముంచి వియ్యపురాలి చేతుల్లో పెడుతూ, "మా పిల్లకి కోపం ఎక్కువ, మనసు మంచిది" అని ఆయన అనే మాట ఒకటుంది. అత్తయ్య ఆ డిస్కు వేసుకునేది ఆ మాట కోసమే.

డిస్కు ఆగిపోవడం మొదలయ్యాక ఇంట్లోవాళ్ళు ప్లేయర్ పాడయిందని తేల్చేశారు. కొత్త ప్లేయర్ వచ్చింది. అందులో డిస్కు చివరిదాకా హాయిగా ఆడింది. పాతదే చెడిందని అందరికీ రూఢి అయిపోయింది. ఏడాది రెండేళ్ళు గడిచాక కొత్తదీ అక్కడే తడబడటం మొదలుపెట్టింది. అప్పుడు అత్తయ్య రెండు ప్లేయర్లూ నా ముందు పెట్టి, "ఏది బాగుంటే అది బాగు చేయించి పెట్టవే" అంది. వాటిని, వాటితోపాటు డిస్కుని పట్టుకుని షాపుకి వెళ్ళాను.

ఆ షాపాయన ట్రాన్సిస్టర్ రేడియోల కాలం నుంచీ అదే బల్ల మీద పని చేస్తున్నాడు. ఊళ్ళో అందరికీ బాబాయే. పాత ప్లేయర్ మూత తీయగానే నాకు ఆశ్చర్యమేసింది, లోపల అంతా ఖాళీ. ఒక పక్క పవర్ సప్లై బోర్డు, ఇంకో పక్క అరచేతి కంటే కాస్త పెద్ద బోర్డు మీద ఒకే పెద్ద చిప్, మధ్యలో ట్రే. పైన పేరు ఏదున్నా ఆ రోజుల్లో చవక ప్లేయర్లలో చాలావాటికి గుండె ఒకటే, మీడియాటెక్ వాళ్ళ ఎంటీ1389 చిప్. అందుకే ఒకదాని సామాను ఇంకోదానికి పనికొచ్చేదని, ఈ పెట్టెలు చెడితే బాగుచేయడం పెద్ద విద్య కాదని ఆయన చెప్పాడు.

పవర్ సప్లై బోర్డు మీద ఒక కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. మంచి కెపాసిటర్ పైభాగం చదునుగా, మూడు నాలుగు గీతలతో ఉంటుంది. దీని గీతల దగ్గర గోధుమరంగు మరక బయటికి వచ్చింది. "ఇంట్లో దీని మీద ఏం పెట్టేవారమ్మా?" అని అడిగాడు. సెట్‌టాప్ బాక్సు, దాని మీద అత్తయ్య అల్లిన క్రోషా గుడ్డ. రిమోట్‌తో ఆపితే ప్లేయర్ పూర్తిగా ఆగదు, ప్లగ్గు తీసేదాకా పవర్ సప్లై లోపల పని చేస్తూనే ఉంటుంది. వేడి పోయే దారి లేదు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. కృష్ణా గుంటూరు జిల్లాల ఎండాకాలంలో, గుడ్డ కప్పిన పెట్టెలో అది ఎన్నాళ్ళు బతుకుతుంది? కొన్ని రూపాయల సామాను అది. మార్చగానే అప్పటిదాకా మోటారు తిరగబోయేసరికి ఆరిపోతున్న ప్లేయర్ నిలదొక్కుకుంది.

తర్వాత లెన్స్. షాపుల్లో లెన్స్ అంటే పైన కనబడే గాజు చుక్క ఒక్కటే కాదు, లేజర్‌తో సహా ఆ మొత్తం ముక్క. దూది చుట్టిన పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఆ చుక్క మీద మెత్తగా తిప్పితే పుల్ల కొస పసుపుపచ్చగా వచ్చింది. అది దుమ్ము కాదు. టీవీ పక్క గూట్లో దేవుడి పటం, రోజూ వెలిగించే అగరొత్తులు, శుక్రవారం సాంబ్రాణి, అవతల వంటింట్లో పోపు. ఏళ్ళ తరబడి ఆ పొగ పొరలు పొరలుగా కూర్చుంది.

ఆ ముక్క పక్కనే గింజంత ప్రీసెట్ ఉంటుంది. దాన్ని రవ్వంత తిప్పితే లేజర్‌కి కరెంటు పెరుగుతుంది, చదవని డిస్కు చదువుతుంది. చాలా షాపుల్లో చేసే వైద్యం అదే, కస్టమర్ సంతోషంగా వెళ్ళిపోతాడు. కానీ అసలే ముసలిదైన లేజర్‌ని ఇంకా గట్టిగా తోలడం అది, కొన్నాళ్ళకే అది పూర్తిగా చచ్చిపోతుంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే, "లెన్సుదో డిస్కుదో తేలకుండా తిప్పితే ఆ తర్వాత ఎప్పటికీ తేలదమ్మా" అన్నాడు.

తేల్చడానికి ఆయన సొరుగులో కొన్ని డిస్కులున్నాయి. ముందు పాత వీసీడీ వేశాడు, ఆడింది. వీసీడీకి 780 నానోమీటర్ల వేరే లేజర్ ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి మోటారు, బోర్డు బాగున్నాయని తెలుస్తుంది తప్ప డీవీడీ లేజర్ సంగతి తెలియదు. వీసీడీలు ఆడుతున్నా డీవీడీలు ఆడటం లేదంటే డీవీడీ లేజర్ని అనుమానించాలి. తర్వాత కంపెనీ సినిమా డీవీడీ వేశాడు, ఆడింది. అది అచ్చు కొట్టిన డిస్కు, అల్యూమినియం పొర అద్దంలా మెరుస్తుంది, కొంచెం నీరసపడ్డ లేజర్ కూడా చదివేస్తుంది. ఆ తర్వాత రెండు పొరల డిస్కు. అందులో పైన ఒకటి కింద ఒకటిగా రెండు పొరలు ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటీ వెనక్కి పంపే వెలుగు బాగా తక్కువ, 18 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది. నీరసపడిన లేజర్ అక్కడ దొరికిపోతుంది. అదీ ఆడింది. సినిమా మధ్యలో ఒక్క క్షణం బొమ్మ ఆగింది గానీ అది జబ్బు కాదు, మొదటి పొర అంచుదాకా చదివి రెండో పొరలోకి మారుతున్నప్పుడు పడే విరామం. (ఆ విరామం చూసి ఎంతమంది మంచి ప్లేయర్లని పారేసి ఉంటారో అనిపించింది.) రెండో ప్లేయర్‌లోనూ ఇదే వరసలో అన్నీ వేసి చూశాడు. ఒకటి కెపాసిటర్ మార్చి లెన్స్ తుడిస్తే బాగుపడింది, ఇంకోదానికి లెన్స్ మీద పట్టిన కాస్త పొగ తప్ప ఏ లోపమూ లేదు. ఇక మిగిలింది మా డిస్కు.

ఇంట్లో రాసుకునే డీవీడీల్లో సమాచారం ఉండేది అచ్చు కొట్టిన డిస్కుల్లోలా గుంటల్లో కాదు, ఊదారంగు తిరిగిన ఒక రసాయనపు రంగు పొరలో. లేజర్ దాన్ని అక్కడక్కడ కాల్చి గుర్తులు పెడుతుంది. ఎండ, వేడి, తేమ ఆ రంగుని మెల్లగా తినేస్తాయి. వెలుగులో పట్టుకుని చూస్తే మా డిస్కు అంచున వేలెడు మేర రంగు వెలిసి కనబడింది. పై వైపు స్టూడియోవాళ్ళు వధూవరుల ఫొటో స్టిక్కర్ అంటించారు. ఆ బరువూ, జిగురూ రెండూ డీవీడీకి చెరుపే. తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది, కాలం గడిచేకొద్దీ జిగురు కుంచించుకుని డిస్కుని వంచుతుంది.

మరి కొత్త ప్లేయర్‌లో అంత హాయిగా ఎలా ఆడింది? నన్ను ఎక్కువగా కదిలించింది ఈ ప్రశ్నకు దొరికిన జవాబే. డీవీడీలో రాసినదంతా బొమ్మా శబ్దమే కాదు. ప్రతి 32 కిలోబైట్లకీ సుమారు ఏడో వంతు అదనంగా దిద్దుబాటు అంకెలు రాస్తారు. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు 1960లో ప్రచురించిన గణితం దానికి ఆధారం. బాగా తెలిసిన పాటలో ఎవరో దగ్గినా ఆ మాటని మనం మనసులో పూరించుకున్నట్టు, చదవలేకపోయిన అంకెల్ని ప్లేయర్ మిగతావాటి నుంచి లెక్కగట్టి పూరిస్తుంది. చుట్టు వెంబడి సుమారు 6 మిల్లీమీటర్ల గీత పడినా పూరించుకోగలదు. అంతవరకు టీవీలో బొమ్మ మచ్చ లేకుండా వస్తుంది. ఆ హద్దు దాటిన మరుక్షణం గళ్ళు పడతాయి, ఆగిపోతుంది.

అంటే బొమ్మ చక్కగా వస్తోందంటే డిస్కు చక్కగా ఉందని కాదు. సగం చెడిన డిస్కూ, చెక్కుచెదరని డిస్కూ తెర మీద ఒకేలా కనబడతాయి. కొత్త ప్లేయర్ లేజర్ పదునుగా ఉంది కాబట్టి చదువులో తప్పులు తగ్గాయి, మిగిలినవి దిద్దుబాటు అంకెలకు లొంగాయి. కొన్నాళ్ళకు లెన్స్ మీద పొగ పట్టింది, డిస్కు మరికాస్త వెలిసింది, రెండూ కలిసి హద్దు దాటాయి. డిస్కు నీరసాన్ని కొత్త ప్లేయర్ ఏడాది రెండేళ్ళపాటు మా కంటికి కనబడనివ్వలేదు. డిస్కుని కాపీ చేసుకోవడానికి అవే మంచి రోజులు. ఆ రోజుల్లోనే ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు.

అప్పటి నుంచీ "నడుస్తోంది కదా" అన్న మాట నన్ను నిలవనివ్వడం లేదు. ఎవరింట్లో విన్నా, ఆ డిస్కు ఒకసారి ఇస్తారా అని అడుగుతున్నాను. ప్లేయర్ సంగతి వేరు. ట్రే తెరుచుకోకపోతే అరిగిన రబ్బరు బెల్టు మార్చవచ్చు, కెపాసిటర్ మార్చవచ్చు, లెన్స్ తుడవవచ్చు, ఏదీ కాకపోతే ఇంకో పెట్టె తెచ్చుకోవచ్చు. డిస్కుకి విడిభాగాలు దొరకవు. మన ఇళ్ళలో ప్లేయర్ మొరాయిస్తే విసుక్కుంటాం గానీ, పోగొట్టుకోకూడనిది దాని లోపల తిరుగుతున్న ఆ పన్నెండు సెంటీమీటర్ల బిళ్ళే కదా.

మా డిస్కు చాలావరకు దక్కింది. టీవీ కింద ప్లేయర్‌కి వెనక్కి తిరిగి చూసే తీరిక ఉండదు, బొమ్మ సమయానికి అందించాలి కాబట్టి చదవలేని చోట వదిలేస్తుంది. కంప్యూటర్‌కి ఆ తొందర లేదు. స్టిక్కర్ జోలికి పోకుండా (లాగితే పలకల అతుకు ఊడే ప్రమాదం ఉంది), మెత్తని తడి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడిచి, డీవీడీ డ్రైవ్‌లో పెట్టాను. గుండ్రంగా తుడిస్తే పడే గీత చుట్టు వెంబడే పోయి దిద్దుబాటుని మించిపోతుంది, నిలువు గీతయితే ఒక్కో చుట్టులో చిటికెడే పోతుంది. చెడ్డ చోటుని మళ్ళీ మళ్ళీ చదివే ప్రోగ్రాముతో కాపీ మొదలుపెట్టాను. జీలకర్ర బెల్లం దాకా గబగబా వచ్చేసింది. అంచుకి చేరాక రాత్రంతా కీచుమంటూ ఒక్కొక్క ముక్కే ఏరింది. ఒక డ్రైవ్ వదిలేసిన ముక్కల్ని ఇంకో డ్రైవ్ చదివింది. చివరికి కొన్ని సెకన్లు ఏ డ్రైవ్‌కీ దొరకలేదు. వదిన చేతులు పాలగిన్నెలో ముంచే చోట బొమ్మ విరిగిపోతుంది. మామయ్య మాట ఆ తర్వాత వస్తుంది, పూర్తిగా వస్తుంది.

ఆ ఫైలు ఇప్పుడు అత్తయ్య ఫోన్లోనూ, వదిన దగ్గరా, నా దగ్గర రెండు హార్డ్ డిస్కుల్లోనూ ఉంది. హార్డ్ డిస్కులూ చెడతాయి కాబట్టి ఏటా ఒకసారి ఫైళ్ళన్నీ మొదటి నుంచి చివరిదాకా తెరిచి చూస్తున్నాను, అనుమానం వచ్చిన దాన్ని వెంటనే మార్చేస్తున్నాను. ఊళ్ళో బంధువుల డిస్కులు ఇంకా వస్తున్నాయి. వరుసలో ముందు పెట్టేవి ఊదారంగువి, స్టిక్కర్ అంటించినవి, మనిషి పోయిన ఇళ్ళవి. కంపెనీ సినిమా డిస్కులు ఆగవచ్చు, ఆ సినిమాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి.