తాళంకప్ప అద్దె కట్టదు

అద్దె ఇళ్ళను గురించిన కథలూ, హాస్యోక్తులూ చాలావరకు అద్దెకున్నవారి పక్షాన పుట్టినవే. రాత్రి తొమ్మిది గంటలకే వీధిగేటుకు తాళం వేసే యజమాని, గోడకు మేకు కొడితే తన ఒంటికే దెబ్బ తగిలినట్లు విలవిలలాడే యజమానురాలు, లెక్కపెట్టి నీళ్ళు వదిలే పెద్దమనిషి, వీరందరినీ చూసి లోకం కావలసినంత నవ్వుకుంది. కాని నెలల తరబడి ఖాళీగా పడివున్న వాటాను, దాని గేటుకు వేలాడే 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అన్న రేకుపలకను చూసుకుంటూ కూర్చునే గృహస్థు దిగులు కథలకు ఎక్కింది తక్కువ.

ఆ గృహస్థు సాధారణంగా ధనికుడు కాడు. పదవీ విరమణనాడు చేతికి వచ్చిన భవిష్యనిధి సొమ్ముకు బ్యాంకు అప్పు జోడించి మేడమీద ఒక వాటా వేసుకున్నవాడు. ఆ అద్దె అతని మందుల ఖర్చు. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికైతే అదే పింఛను. కనుక ఇల్లు ఖాళీగా ఉన్నదంటే గదులు బోసిపోవడం మాత్రమే కాదు. ఒక సంసారం సగం రాబడి నిలిచిపోవడం.

ఇల్లు కట్టడం ఒక విద్య, కట్టిన ఇంటిని అద్దెకివ్వడం మరొక విద్య. మొదటిదానికి మేస్త్రి ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు. రెండవదానిని నేర్పేవారు లేరు.

ఆ విద్యలో మొదటి పాఠం చూపుకు సంబంధించినది. యజమాని తన ఇంట్లో తాను పెట్టిన ఖర్చును చూస్తాడు. టేకు ద్వారబంధం, రాజస్థాను నుంచి తెప్పించిన పాలరాయి, పూజగది తలుపుకు చెక్కించిన గంటలు అతనికి కనిపిస్తాయి. అద్దెకు వచ్చిన ఇల్లాలు వీటివంక ఒకసారి చూసి, కొళాయి తిప్పుతుంది. నీళ్ళు ఏ వేళకు వస్తాయి? వేసవిలో బోరు ఎండుతుందా? పగటిపూట వంటింట్లో దీపం వేయకుండా పని జరుగుతుందా? ఉతికిన బట్టలు ఎక్కడ ఆరవేయాలి? స్కూటరు ఎక్కడ నిలపాలి? కరెంటు మీటరు విడిగా ఉన్నదా? గదిలో ఫోను పలుకుతుందా? ఆమె మనసులో కదిలే ప్రశ్నలు ఇవి.

అందువల్ల ప్రకటనకు ముందు యజమాని చేయవలసిన పని ఒకటుంది. ఒక గంటసేపు తానే అద్దెకు వచ్చినవాడై తన ఇంట్లో తిరగాలి. ప్రతి కొళాయీ విప్పి చూడాలి, ప్రతి గడియా వేసి చూడాలి. మూసివున్న ఇంటికి ఒక ముక్కవాసన పడుతుంది. నాలుగు రోజులు కిటికీలు తెరిస్తే పోతుంది. పాత కాపురం మిగిల్చిన మేకు గుంటలు పూడ్పించి సున్నం వేయిస్తే గది పెద్దదైనట్లు కనిపిస్తుంది. చాలా ఇళ్ళలో వెళ్ళిపోయినవారు బల్బులు కూడా తీసుకుపోతారు. ఉద్యోగస్థులు ఇల్లు చూడవచ్చేది సాయంత్రం చీకటి పడ్డాక. యజమాని అగ్గిపుల్ల వెలుగులో చూపించినట్లు సెల్‌ఫోను దీపంతో గదులు చూపిస్తే, వచ్చినవారు గోడలను కాక నీడలను చూసి వెళ్ళిపోతారు. గదికొక బల్బు పెట్టడం కంటె చౌకయిన ప్రకటన లేదు.

రెండవ పాఠం మాటకు సంబంధించినది. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని రాసి ఫోను నంబరు వేస్తే దారిన పోయేవారికి తెలిసేది శూన్యం. ఎన్ని గదులు, ఎన్నవ అంతస్తు, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, నిర్వహణ ఖర్చు కలిపా విడిగానా, ఏ తేదీనుంచి, చూపించే వేళలేవి, ఇవి ఉండాలి. అద్దె దాచిపెట్టి 'మాట్లాడుకుందాం' అనే యజమాని దగ్గరకు ఇవ్వలేనివారు వస్తారు, ఇవ్వగలవారు సందేహించి ఆగిపోతారు. ఈనాడు రేకుపలకకు తోడు ఫోను తెరమీద ఛాయాచిత్రాలు వచ్చాయి. అవి పగటి వెలుగులో, ప్రతి గదినీ చూపించేవిగా ఉండాలి. లోపం ఉంటే అదీ చెప్పాలి. లిఫ్టు లేని మూడవ అంతస్తు అని ముందే తెలిసి వచ్చినవాడు మెట్లను చూసి బెదరడు. వేసవిలో ట్యాంకరు తెప్పించుకోవాలన్న సంగతి చేరిన తరువాత తెలిసినవాడు నాలుగో నెలలో సామాను సర్దుకుంటాడు. పలక మళ్ళీ గేటెక్కుతుంది.

మూడవది కాలజ్ఞానం. బడులు జూన్‌లో తెరిచే మన ప్రాంతాలలో పిల్లలున్నవారు ఇల్లు వెతికేది ఏప్రిల్, మే నెలల్లో. ఆషాఢంలోనూ, పుష్యంలోనూ పాలు పొంగించి కొత్త ఇంట చేరడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు. పాతవారు ఖాళీ చేస్తామన్ననాడే ప్రకటన మొదలుపెట్టాలి కాని, వారు వెళ్ళి, సున్నం ఆరి, మంచిరోజు చూసుకునేదాకా ఆగితే ఆషాఢం ఎదురవుతుంది.

ఇక లెక్క. వీధిలో చెల్లే అద్దె 15,000 రూపాయలనుకోండి. యజమాని 16,500కు పట్టుబట్టి రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంచాడు. తరువాత కోరిన అద్దే దొరికింది. గెలిచాననుకుంటాడు. కాని పోయిన 30,000 రూపాయలు, నెలకు 1,500 చొప్పున తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. ఈలోగా ఆ కాపురం కదలదని ఎవరు చెప్పగలరు? ఖాళీ ఇంటికి పన్ను ఆగదు, బ్యాంకు వాయిదా ఆగదు.

అయినా దేశంలో ఇళ్ళు ఖాళీగానే ఉంటున్నాయి. 2011 జనగణన పట్టణాలలో సుమారు 1 కోటి 11 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నట్లు తేల్చింది. తలదాచుకోవడానికి చోటులేనివారు ఉన్న ఊళ్ళలోనే ఈ తాళాలు వేలాడుతున్నాయి. దీనికి ఉన్న కారణాలలో భయం ఒకటి. ఆ భయానికి చరిత్ర ఉంది. బొంబాయిలో 1947 నాటి అద్దె చట్టం అద్దెలను 1940 నాటి స్థాయికి కట్టివేసింది. ఢిల్లీలో 1958లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 1960లోనూ అద్దె నియంత్రణ చట్టాలు వచ్చాయి. యుద్ధానంతర కరవులో కిరాయిదారును కాపాడిన చట్టాలు, కాలక్రమాన యజమాని మనసులో ఒక మాట నాటాయి: ఇచ్చిన ఇల్లు తిరిగి రాదు. ఏడాదికి మించిన కౌలుపత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కనుక, పదకొండు నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అన్నది. నివాసగృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. దానిని స్వీకరించవలసింది రాష్ట్రాలు. చట్టం ఏదైనా, స్పష్టంగా రాసుకున్న ఒప్పందమే ఇరుపక్షాల భయానికీ మందు.

భయం మరొక రూపంలో గేటెక్కుతుంది. 'కుటుంబీకులకు మాత్రమే', 'శాకాహారులకు మాత్రమే' అని పలకమీద రాతలు; రాయలేనివి ఫోనులో ప్రశ్నలు. పేరేమిటి? ఇంటిపేరేమిటి? మీరు ఏమిట్లు? సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసరాలలో జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, అగ్రకులాల పేర్లు గలవారికి సులభంగా తెరుచుకున్న తలుపులు దళితులకు అంతగా తెరుచుకోలేదు; ముస్లిములకు ఇంకా తక్కువ. అద్దె ఇవ్వగల శక్తి అడ్డుకాలేదు, పేరు అడ్డయింది. ఇటువంటి తిరస్కారాన్ని మోసుకుని మండుటెండలో మరో వీధికి నడిచినవారికి కలిగే అవమానం ముందు, యజమాని పోగొట్టుకునే రెండు నెలల అద్దె చిన్నది. కాని అతనూ పోగొట్టుకుంటున్నాడన్నది నిజం. ఊరి నర్సు, కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగిని, ఒంటరిగా చదువుకునే కుర్రవాడు అద్దె ఎగవేస్తారని ఏ లెక్కా చెప్పలేదు. ఇంటిపేరు చూసి ఒకటవ తేదీన అద్దె వస్తుందో రాదో చెప్పగల జ్యోతిష్కుడు లేడు.

అడగవలసిన ప్రశ్నలు వేరు. ఎక్కడ పని చేస్తున్నారు? ఎందరు ఉంటారు? ఎంతకాలం ఉండదలచారు? వెనుకటి ఇంటివారు మీగురించి ఏమంటారు? వీటికి సూటిగా జవాబిచ్చి, గుర్తింపు పత్రం చూపి, అద్దె బ్యాంకు ద్వారా చెల్లించేవారు యజమానికి కావలసినవారు. వచ్చినవారు కూడా యజమానిని అంచనా వేస్తారని మరువరాదు. కారే కొళాయికి ఆ వారమే మనిషిని పంపినవాడు, ఖాళీ చేసిననాడు అడ్వాన్సు లెక్కచూసి చేతిలో పెట్టినవాడు మరల ప్రకటన కోసం తిరగనక్కరలేదు. వెళ్ళేవారే తమ కచేరీలో చెప్పి మరొకరిని పంపిస్తారు. ఏ రేకుపలకా ఆ ఒక్క మాటకు సాటిరాదు.