టేబుల్ ఒక్కరికే

“ఎంతమంది మేడమ్?”

మొన్న 2025 ఫిబ్రవరి 14, శుక్రవారం సాయంత్రం కూకట్‌పల్లిలో ఓ టిఫిన్ హోటల్ గుమ్మం దగ్గర కుర్రాడు అడిగాడు. నేను ఒక వేలు చూపించాను. అతను నా వెనక్కి చూశాడు, ఇంకెవరైనా బండి పార్క్ చేసి వస్తున్నారేమో అని.

“ఒక్కదాన్నే” అన్నాను.

“ఓ... రండి మేడమ్” అంటూ గోడ పక్కన ఇద్దరు కూర్చునే టేబుల్ చూపించాడు. ఎదుటి కుర్చీలో బ్యాగ్ పెట్టాను. నెయ్యి కారం దోశ చెప్పాను. అంతే. భూకంపం ఏమీ రాలేదు.

మీరు నవ్వుకోవచ్చు, దోశ తినడానికి ఇంత బిల్డప్పా అని. కానీ ఆ కుర్చీ దాకా రావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

2023లో ఇదే రోజు నేను గదిలో తలుపేసుకుని రెండు బిర్యానీలు ఆర్డర్ చేశాను. ఒక్కటే చెబితే డెలివరీ అబ్బాయి నా గురించి ఏమనుకుంటాడో అని! వర్షంలో, ట్రాఫిక్‌లో తిరిగే మనిషికి నా గురించి ఆలోచించే తీరిక ఎక్కడుంటుంది? ఆ మాట అప్పుడు తట్టలేదు. రెండో బిర్యానీ మర్నాడు పొద్దున్న ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నాను. అంతకు నెల ముందే మూడేళ్ల ప్రేమ ముగిసిపోయింది. పెద్ద గొడవేమీ లేదు. అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, ఫోన్లు తగ్గాయి, ఒకరోజు ఇద్దరం ఒప్పేసుకున్నాం. అతను మంచివాడే. అందుకే తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేకుండా పోయారు.

ఈ పండగతో ఇబ్బంది ఏంటంటే, ఒక్కరోజుతో పోదు. 7న రోజ్ డే, 8న ప్రపోజ్ డే, తర్వాత చాక్లెట్, టెడ్డీ, ప్రామిస్, హగ్, కిస్... వారమంతా ఫోన్ తెరిస్తే అదే. రీల్స్‌లో ఒకడు మోకాళ్ళ మీద కూర్చుంటాడు, ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. చూసీ చూసీ మనకి ఏదో రోగం ఉందేమో అనిపిస్తుంది.

మాది కడియం దగ్గర పల్లెటూరు. నాన్నది పూల వ్యాపారం. కడియపులంక మార్కెట్‌కి తెల్లారకముందే వెళ్ళిపోతారు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఫిబ్రవరి అంటే మాఘమాసం, మాఘమాసం అంటే ముహూర్తాలు. బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరాలు. హోసూరు వైపు నుంచి డచ్ గులాబీలు పెట్టెల్లో వస్తాయి. మొగ్గ విచ్చుకోకుండా ఒక్కోదానికీ చిన్న వల తొడుగుతారు. చిన్నప్పుడు నేను ఆ వలలు ఊడదీసి వేళ్ళకి తొడుక్కునేదాన్ని. నాన్న దృష్టిలో 14వ తారీఖు అంటే రెండు ముహూర్తాల మధ్య ఒక రోజు. “గులాబీకి నాలుగు రోజులు గిరాకీ, చామంతికి ఏడాదంతా గిరాకీ” అంటారు.

ఆ ఇంట్లో పెరిగిన నేనే గులాబీ ఇచ్చేవాళ్ళు లేరని ఏడ్చాను. చెప్పుకుంటే సిగ్గే.

అసలు సిగ్గుపడాల్సింది మాత్రం పోయినేడాది విషయానికి. 2024 ఫిబ్రవరి వారం మధ్యలో అమ్మ ఫోన్ చేసి ఒక సంబంధం గురించి చెప్పింది. అప్పుడే ఎవరిదో ప్రపోజల్ వీడియో చూసి ఉన్నాను. “సరే అమ్మా, నాకిష్టమే” అనేశాను. ఫోటో కూడా పెద్దది చేసి చూడలేదు. అమ్మ సంతోషం పట్టలేక దేవుడి దగ్గర దీపం పెట్టింది. పది రోజులకి జాతకాలు కుదరలేదని అవతలివాళ్ళే వద్దన్నారు.

నాకు బాధ వేయలేదు. భయం వేసింది. ఎందుకంటే ఆ అబ్బాయి పేరు ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. పేరు గుర్తులేని మనిషితో జీవితాంతం ఉంటానని మాటిచ్చేశాను. ఎందుకు? ఒక రాత్రి గదిలో ఒక్కదాన్నే ఉండలేక. పాపం అతనికి మాత్రం అది ఏం న్యాయం?

అప్పుడు మొదలుపెట్టాను, నాతో నేను ఉండటం ప్రాక్టీస్ చేయడం. పెద్ద పెద్ద ట్రిప్పులేం కావు. ముందు ఆఫీసు క్యాంటీన్‌లో ఫోన్ చూడకుండా ఒక్కదాన్నే తినడం. తర్వాత ఒక్కదాన్నే సినిమా. ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ మ్యూజికల్ గడియారం ముందు మధ్యాహ్నం పన్నెండుకి ఎంత జనమో! లోపల్నుంచి బుల్లి బొమ్మ బయటికి వచ్చి పన్నెండుసార్లు గంట కొట్టి వెళ్ళిపోతుంది. జంటలు, పిల్లలు, స్కూల్ బ్యాచ్‌లు, నేను. అందరం ఒకేసారి మెడలు చాచి చూశాం. నా పక్కన ఎవరున్నారని ఆ గదిలో ఒక్కరూ చూడలేదు. బయటికొచ్చి టీ తాగుతూ ఆ సంగతి తలుచుకుని గట్టిగా నవ్వేశాను.

ఫిన్లాండ్‌లో ఫిబ్రవరి 14ని స్నేహితుల రోజుగా జరుపుకుంటారట. దక్షిణ కొరియాలోనైతే ఏప్రిల్ 14న సింగిల్స్ అందరూ నల్లటి సాస్ వేసిన నూడుల్స్ తింటారు, దాని పేరే బ్లాక్ డే. నాకు నచ్చిన నలుపు మా హోటల్ ఫిల్టర్ కాఫీదే. ఎవరి పద్ధతి వాళ్ళది.

ఇంతకీ మొన్న సాయంత్రం సంగతి. దోశ సగంలో ఉండగా అమ్మ ఫోన్.

“ఎక్కడున్నావే? ఏదో చప్పుడు.”

“హోటల్లో. దోశ తింటున్నా.”

“ఎవరితో?”

“ఒక్కదాన్నే.”

కాసేపు మాట లేదు. తర్వాత అసలు విషయం చెప్పింది. ఏలూరు సంబంధం. అబ్బాయి బ్యాంకు ఉద్యోగం. ఆదివారానికల్లా అవునో కాదో చెప్పాలట, వాళ్ళకి వేరే సంబంధాలు కూడా వస్తున్నాయట.

గుండె ఒక్కసారి దడదడలాడింది, అబద్ధం చెప్పను. పక్క టేబుల్‌లో ఒకతను ఆమె ప్లేట్లోంచి వడ ముక్క తుంచుకుంటున్నాడు. అటే చూస్తూ ఉండిపోయాను. నాకూ అలా ఒకరు కావాలనే ఉంది. పెళ్ళి వద్దని నేనెప్పుడూ అనలేదు.

“అమ్మా, అబ్బాయితో రెండు మూడుసార్లు మాట్లాడాలి. కలవాలి. ఆదివారం లోపు తేల్చలేను. వాళ్ళు ఆగలేమంటే మనకి వద్దు.”

“ఇరవై తొమ్మిది వచ్చాయే నీకు. పోయినేడు వెంటనే సరేనన్నావు కదా?”

“పోయినేడు భయపడి అన్నాను. ఇప్పుడు ఆ భయం లేదు. బాగానే ఉన్నానమ్మా.”

“నిజంగా బాగున్నావా, నా కోసం అంటున్నావా?”

ఈ ప్రశ్నకి టకామని జవాబు చెప్పలేకపోయాను. కొన్ని రాత్రులు పదకొండు దాటాక గది మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. జ్వరం వస్తే మంచినీళ్ళు నేనే తెచ్చుకోవాలి. అదే చెప్పాను. “అవన్నీ ఉన్నాయి. అయినా బాగున్నాను. ఇవాళ పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు.”

అమ్మ నిట్టూర్చింది. ఇక క్లాసు మొదలవుతుందని సిద్ధమయ్యాను. కానీ తను వేరే ప్రశ్న వేసింది.

“ఏమే, ఆడపిల్ల ఒక్కత్తీ హోటల్లో కూర్చుంటే ఎవరూ ఏమీ అనరా?”

“ఎవరూ అనరమ్మా. ఎంతమందని అడిగారంతే.”

“నేనెప్పుడూ అలా తినలేదు. పెళ్ళికి ముందు మా నాన్నతో, తర్వాత మీ నాన్నతో. ఆయన తినేసి లేస్తే నేనూ లేచేదాన్ని.” వెనకాల నాన్న ఎవరితోనో చామంతి లెక్క మాట్లాడుతున్నారు. అమ్మ గొంతు తగ్గించింది. “వచ్చే నెల కళ్ళ పరీక్షకి హైదరాబాద్ వస్తాను కదా. ఆ హోటల్‌కి నన్నూ తీసుకెళ్ళు.”

“తప్పకుండా అమ్మా. ఇద్దరం వెళ్దాం.”

“ఇద్దరం కాదు. నువ్వు వేరే టేబుల్‌లో కూర్చో.”