పుట్టింటి గోడలకు కొత్త రంగు

మా పుట్టిల్లు వెలిమెల. 2016లో మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు, కొల్లూరు వైపు పెద్ద పెద్ద అపార్టుమెంట్లు. మధ్యలో అరుగులున్న మా పాత ఇల్లు.

మొన్న దసరాకు ముందు వెళ్ళాను. నా మేనకోడలిని కాన్పుకు తీసుకొచ్చారు, ఏడో నెల. పాపాయి వచ్చే ఇల్లు కళకళలాడాలని వదిన రంగులు మొదలుపెట్టించింది. నేను గడపలో కాలు పెట్టేసరికి ముందు గదంతా ఆకుపచ్చ దుమ్ము! నడుమెత్తు వరకు ఎప్పుడో వేసిన ఆయిల్ పెయింట్‌ను మేస్త్రీ పొడిగానే గీకుతున్నాడు. పిల్ల ఆ పక్కనే మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"వదినా, ముందు పని ఆపించు" అన్నాను.

"దుమ్మే గదా, కడిగితే పోతది" అంది వదిన.

పోదండీ! పాతకాలపు ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో సీసం కలిసి ఉండేది. రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన గోడల్లో ఏముందో కంటికి తెలియదు. ఆ దుమ్ము తల్లి ఒంట్లో చేరితే కడుపులో బిడ్డకూ చేరుతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

పిల్లను అప్పుడే పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పంపాం. కాన్పు చూసే డాక్టరమ్మకు కూడా విషయం చెప్పమన్నాం. తర్వాత మేస్త్రీతో కూర్చుని పని ఇలా మార్చుకున్నాం.

గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగును మొత్తం ఊడగీకక్కర్లేదు. నీళ్ళు చల్లి, తడి గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. ఆ మెరుపు మీద కొత్త రంగు పట్టదు. పెచ్చులు లేచిన చోట మాత్రం తడిపి గీకాలి. మంటతో కాల్చకూడదు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, పెచ్చులన్నీ సంచిలో మూటగట్టాలి. చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవాలి. ముక్కుకు చున్నీ చాలదు, ఎన్-95 మాస్కు కావాలి.

పైభాగం సున్నం గోడ. చేత్తో రాస్తే తెల్లగా పొడి అంటింది. అలాంటి దాని మీద రంగు వేస్తే పొడితోబాటే ఊడివస్తుంది. అందుకే గట్టి పొర తగిలేదాకా తడిపి గీకించి, కడిగి, బాగా ఆరనిచ్చాం.

వంటింటి గోడకు చెమ్మ. అక్కడ పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచాం. గోడవైపు నీటి బొట్లు పట్టాయి, అంటే తడి గోడలోనే ఉంది. చూస్తే పైపు కారుతోంది! దాన్ని బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆ గదిని వదిలేశాం. చెమ్మ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా దండుగే.

పగుళ్ళను కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, లప్పం పలచగా రెండుసార్లు పెట్టించాం. ఆరాక నున్నగా రుద్ది, ప్రైమర్ ఒక పూత, రంగు రెండు పూతలు. ఒక్కో పూతకు మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి.

దసరాకు వంటిల్లు పూర్తి కాలేదు. వదిన కాస్త చిన్నబుచ్చుకుంది. కానీ ముందు గది లేత మీగడ రంగులో వెన్నలా మెరిసింది. రంగు వాసన పోయి, నేలంతా రెండుసార్లు తడిగుడ్డ పెట్టాకే పిల్లను ఇంట్లోకి పిలిచాం.

మీ ఇంట్లోనూ పండగకో, పురిటికో రంగులు వేయిస్తున్నారా? గీకుడు మొదలవకముందే పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా పంపండి. మేస్త్రీ చేతికి ముందుగా బకెట్టు నీళ్ళివ్వండి.